నూనె బావి, ఉన్ని కత్తెర

నిజామాబాద్ ప్రాంతంలో జంతువుల ఒంటి సంరక్షణ గురించి చెప్పే పాత ఆధారం ఒకటి రాగి రేకుల మీద ఉంది. వేములవాడ చాళుక్యుల్లో మూడో అరికేసరి 966లో జైన పండితుడు సోమదేవసూరికి ఒక గ్రామం దానమిస్తూ పర్భణీ శాసనం వేయించాడు. తన పూర్వికుడు యుద్ధమల్లుడు పోదనలో, అంటే ఇవాళ్టి బోధన్‌లో, నూనె నింపిన బావిలో మదపుటేనుగులకు స్నానోత్సవం జరిపించాడని అందులో రాయించాడు. శాసనం పుట్టేనాటికి యుద్ధమల్లుడి కాలం గడిచి దాదాపు రెండు వందల ఏళ్లు. తాతముత్తాతల గొప్ప చాటుకోవడానికి ఆస్థాన కవి అల్లిన మాట అది అంటే కాదనలేం. బావి నిండా నూనె పోశారని నేనూ పట్టుబట్టను. అయితే ఆ పొగడ్త వినేవాళ్లకు అర్థం కావాలంటే, ఏనుగు ఒంటికి నూనె పట్టించడమనే పని ముందే లోకంలో ఉండాలి. అది ఉందనడానికి అర్థశాస్త్రమే సాక్ష్యం. పగటిని ఎనిమిది భాగాలు చేసి మొదటి భాగాన్నీ ఏడో భాగాన్నీ ఏనుగుల స్నానానికి కేటాయించిన గ్రంథమది. మేత లెక్కతో పాటు ఒంటికి రాసే నూనె లెక్క కూడా అందులో ఉంది. అడవిలో ఏనుగు తన చర్మాన్ని బురదతో, మట్టితో తానే కాపాడుకుంటుంది. గొలుసు వేసి కట్టేసినవాడు ఆ అవకాశం తీసేశాడు కాబట్టి ఆ పని వాడి మీద పడింది. జంతువు ఒళ్లు చూడటం ముద్దుకోసం మొదలైన పని కాదు, దాని మీద హక్కు తీసుకున్నందుకు చెల్లించే బాకీ. నేను చెప్పదలచిన మాట ఇదే.

రాజుల ఏనుగులు పోయాయి, బాకీ మాత్రం ఇళ్లలో మిగిలింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర కార్ఖానా లేచింది. ఆ చెరకు మోసింది ఎడ్లు. శ్రావణ అమావాస్య నాడు, పొలాల పండుగకు, ఎడ్లకు కాడి పెట్టరు. చెరువులో గడ్డితో రుద్ది కడుగుతారు, కొమ్ములకు రంగులు వేస్తారు, అలంకరించి ఆంజనేయుడి గుడి చుట్టూ తిప్పుతారు. ఇది ఏడాదికోసారి జరిగే పూజే కదా, సంరక్షణ ఎలా అవుతుందని అడగొచ్చు. నిజమే, ఒక్కరోజు స్నానంతో ఏ ఎద్దూ బాగుపడదు. కానీ మెడ మీద కాడి పుండు, చెవి మొదట్లో గోమార్లు, గిట్టల మధ్య పగుళ్లు కంటబడేది ఒళ్లంతా చేత్తో రుద్దినప్పుడే. ఏడాది పొడుగునా రైతు చేసే పనికి పండుగ ఒక గౌరవం తెచ్చింది.

ఇదే నిజామాబాద్ ప్రాంతంలో ధర్పల్లి వైపు కథ వేరు. సిరికొండ దిక్కున గుట్టలు, అడవి అంచు, మెట్ట భూములు గొర్రెలకు అనువైన చోటు. దక్కనీ జాతి నల్ల గొర్రెను కాచినవాళ్లు గొర్రెల కాపరులైన కురుమలు. ఈ గొర్రెకు ఉన్ని ఉంటుంది, దాన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. మందను వాగులోకో చెరువులోకో దింపి కడిగి, ఆరనిచ్చి, గొర్రె కాళ్లు కట్టి పడుకోబెట్టి, పెద్ద ఇనుప కత్తెరతో చర్మం తెగకుండా బొచ్చు తీయడం తేలిగ్గా పట్టుబడే పని కాదు. కడుపు కింద చర్మం పలచన, పొదుగు దగ్గర ఇంకా పలచన, అక్కడ కత్తెర నెమ్మదించాలి. తీసిన ఉన్నిని ఆడవాళ్లు వడికితే మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు. దారం గట్టిపడటానికి చింతగింజల గంజి పట్టించేవాళ్లు. ఒక్కో గొర్రె నుంచి ఏడాదికి కిలో ఉన్ని కూడా రాదు. అంత కొంచెం కోసం అంత శ్రమ పడ్డారంటే గొంగడి విలువ అంతటిది. వానకు అదే గొడుగు, చలికి అదే దుప్పటి, రాత్రి మంద దగ్గర అదే పరుపు.

ఇక్కడ బలమైన అభ్యంతరమే ఉంది. కురుమ కత్తిరించింది ఉన్ని కోసం, గొర్రె మీద ప్రేమతో కాదు, దాన్ని సంరక్షణ అనడం ఇవాళ్టి మనసును పాత రోజులకు తొడగడమే అంటారు. దీనికి జవాబు తర్వాతి చరిత్రలోనే దొరికింది. మిల్లు దుప్పట్లు వచ్చాయి, గొంగడి గిరాకీ పడిపోయింది, ముతక ఉన్నికి ధర లేకుండా పోయింది. అయినా దక్కనీ గొర్రె ఉన్నవాడు కత్తిరించడం మానలేదు. ఎదురు కూలి ఇచ్చి కత్తిరించి, ఆ ఉన్నిని పారేసిన కాపరులు దక్కన్ అంతటా ఉన్నారు. ఎందుకంటే తడిసిన ఉన్ని కింద చర్మం పాడవుతుంది, పురుగులు పడతాయి, మంద నీరసిస్తుంది. లాభం పోయాక కూడా నిలిచిన పనిని లాభం కోసమే చేశారనడం కుదరదు. ఉన్ని లేని నెల్లూరు గొర్రె వైపు చాలామంది మళ్లిన కారణాల్లో ఈ ఖర్చూ ఒకటి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో, 20 గొర్రెలు ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు బయటి రాష్ట్రాల మందలే ఎక్కువ వచ్చాయి. ఉన్ని కత్తిరించాల్సిన మందలు తగ్గేకొద్దీ కత్తెర పట్టే చేతులూ తగ్గాయి.

ఇప్పుడు నిజామాబాద్ ఇళ్లలో స్పానియల్ వంటి బొచ్చు కుక్కల్ని పెంచుకుంటున్నవాళ్లు ఈ వరుసలో చివర నిలబడ్డారు. కుక్క తనను తాను నాక్కుంటుంది, ఊరకుక్కలకు ఎవరు దువ్వుతున్నారు, ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనే మాట తరచూ వినిపిస్తుంది. ఊరకుక్క వరకు అది సరైన మాటే. దాని పొట్టి బొచ్చు ఈ ఎండకు తగినది. కాకర్ స్పానియల్ అలా కాదు. ఇంగ్లండ్ చలిలో, పొదల్లోంచి పిట్టల్ని లేపడానికి మనుషులు ఎంచి ఎంచి తీర్చిన జాతి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని విడి జాతిగా గుర్తించింది. వేలాడే చెవులు, అంచులంట జాలువారే బొచ్చు మనిషి ఎంపికలోంచి వచ్చినవే. ఆ చెవుల్లో గాలి సరిగా ఆడదు, వానాకాలం తేమకు లోపల చీము పట్టవచ్చు, కాలివేళ్ల మధ్య బొచ్చులో గోమార్లు దాక్కుంటాయి. ఏనుగుకు, నల్ల గొర్రెకు మనిషి పడిన బాకీయే ఇక్కడా ఉంది, దీన్ని తీర్చేందుకు దుకాణం అక్కర్లేదు. దువ్వెన, మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర, మెత్తటి గుడ్డ చాలు. ఎండ ఎక్కువని బొచ్చంతా గొరిగించకండి. చర్మానికి ఎండ దెబ్బ తగులుతుంది, బొచ్చు మళ్లీ మునుపటిలా రాకపోవచ్చు. రోజూ దువ్వండి, చెవులు ఎత్తి చూడండి, స్నానం తర్వాత తడి మిగలనివ్వకండి. చెవి వాసన వస్తే ఇంటి చిట్కాలు వెతక్కుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఇంత పని రోజూ చేయలేమనుకునేవాళ్లు ఈ జాతిని తెచ్చుకోవద్దు.