పిడికిలి కొలత: పిస్టల్ పిడి చరిత్రలో చిన్న చేతుల ప్రశ్న

1. ప్రవేశిక

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న అల్మాస్‌గూడ, మీర్‌పేట పరిసరాల్లో అద్దె గదుల్లో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలకు రోజూ వెళ్లివచ్చే యువతీయువకుల్లో చాలామంది గురి పోలీసు ఉద్యోగం మీద. వారికి కంఠస్థమైన అంకెలు రెండున్నాయి. తెలంగాణ పోలీసు నియామక ప్రకటనల్లో పురుషులకు సాధారణంగా విధించే కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు, స్త్రీలకు 152.5. అంటే శరీరాలు ఒకే కొలతవి కావని, 15 సెంటీమీటర్ల వ్యత్యాసం ఉన్నా ఉద్యోగార్హతకు లోటు లేదని ప్రభుత్వమే రాతపూర్వకంగా అంగీకరించింది. ఎత్తుతోపాటు అరచెయ్యి, వేళ్ల పొడవులు కూడా సగటున తగ్గుతాయన్నది మానవమితి శాస్త్రంలో స్థిరపడిన విషయం. ఎంపికైన తరువాత శిక్షణలో ఈ ఇరువురి చేతికీ వచ్చే సర్వీసు పిస్టల్ మాత్రం ఒకటే.

పెద్ద పిస్టల్‌ను చిన్న చేతికి అమర్చడం అనే సమస్యను సాధారణంగా సాంకేతిక విషయంగానో, వ్యక్తిగత ఇబ్బందిగానో చూస్తారు. దీన్ని చరిత్ర ప్రశ్నగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పిడి ఎవరి చేతి కొలతతో తయారైంది, ఆ కొలతను ఎవరు అడిగితే మార్చారు అన్నవి ఇందులోని ప్రధానాంశాలు.

2. సమస్య స్వరూపం

‘పెద్ద పిస్టల్’ అనగానే మనకు బరువు స్ఫురిస్తుంది. నిజానికి చిన్న చేతికి తొలి అడ్డంకి బరువు కాదు, దూరం. పిడి వెనుక అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందులో ఆనుతుంది. అక్కడి నుంచి ట్రిగ్గర్ ముఖం వరకు ఉన్న నిడివిని చూపుడువేలు అందుకోవాలి. పిడి చుట్టుకొలత ఎక్కువైతే ఈ నిడివి మరింత భారమవుతుంది. పిడిలో తూటాలు రెండు వరుసలుగా ఉండే మ్యాగజైన్ ఉన్నప్పుడు చుట్టుకొలత పెరగక తప్పదు.

వేలు అందనప్పుడు చెయ్యి తానే ఒక ఉపాయం వెతుక్కుంటుంది. పిస్టల్‌ను అరచేతిలో కొద్దిగా పక్కకు తిప్పి పట్టుకుంటుంది. దానితో ట్రిగ్గర్ అందుతుంది కాని గొట్టం ముంజేతికి వరుసగా ఉండదు. పేల్చినప్పుడు వచ్చే తన్ను మణికట్టు మీదుగా ముంజేతిలోకి పోకుండా బొటనవేలి మొదట తగులుతుంది. తిప్పకుండా పట్టుకుంటే వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు తగిలి, లాగేటప్పుడు పిస్టల్‌ను పక్కకు నెడుతుంది. కుడిచేతివాటం వారి తూటాలు అప్పుడు తరచు లక్ష్యానికి ఎడమకు జరుగుతాయి. మ్యాగజైన్ విడుదల చేసే బొత్తాం, స్లయిడ్ మీట అందుకోవాలన్నా పట్టు సడలించక తప్పదు. లక్ష్యపత్రం మీద వీటన్నిటి ఫలితం బెదురుతో కాల్చినవారి ఫలితంలాగే కనిపిస్తుంది. మార్కులు వేసేవారు కాగితం మీది రంధ్రాలను లెక్కిస్తారు. ఆ రంధ్రం భయం వల్ల పడిందా, పిడి వల్ల పడిందా అన్నది కాగితం చెప్పదు.

3. కొలత ఇచ్చి చేయించుకున్న పిడి

సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగంలో తల్వార్లను చూసిన సందర్శకులకు మొదట కలిగే ఆశ్చర్యం పిడి చిన్నదిగా ఉండటం. వలసకాలపు యూరోపియన్ సేకర్తల్లో చాలామంది దీన్నిబట్టి భారతీయుల చేతులు చిన్నవని తేల్చేశారు. ఈ నిర్ణయం తొందరపాటుతో కూడినదని నా అభిప్రాయం. తల్వార్ పిడి చివర పళ్లెంలాంటి బిళ్ళ ఉంటుంది. అడ్డకమ్మీకీ ఈ బిళ్ళకూ మధ్య పిడికిలి బిగుతుగా ఇమిడినప్పుడు కత్తి చేతిలో కదలదు. నరికి వెనక్కు లాగే దెబ్బకు ఆ బిగువు అవసరం. ఆ ఇరుకు పిడి ఒక పోరాట పద్ధతికి తగిన అమరిక. దానినుంచి జాతి శరీరం గురించిన సాక్ష్యం లాగడం కుదరదు.

ఇక్కడ మనకు పనికివచ్చే అంశం మరొకటుంది. పనివాడికి ఎదురుగా కూర్చుని ఆయుధం చేయించుకున్న కాలంలో పిడి కొలత ఇచ్చిపుచ్చుకునే విషయం. తుపాకుల యుగంలో కూడా ధనవంతుల విషయంలో ఈ మర్యాద కొనసాగింది. లండన్ తుపాకి పనివారు కొనుగోలుదారు చేతి పొడవు, మెడ, భుజం చూసి వేటతుపాకి మడమను మలిచేవారు. ఇందుకోసం కీళ్లతో అటూ ఇటూ సర్దగలిగే ‘కొలత తుపాకి’ ఒకటి వారివద్ద ఉండేది. భారత సంస్థానాధీశులు తెప్పించుకున్న ఇంగ్లీషు తుపాకులు ఈ సంప్రదాయంలోనివే. తుపాకి మనిషికి సరిపోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అది చాలాకాలం కొందరికే అందిన సౌకర్యం.

4. కర్మాగారపు చెయ్యి

పంతొమ్మిదో శతాబ్దంలో శామ్యూల్ కోల్ట్ వంటివారు యంత్రాలతో ఒకే తీరు భాగాలను తయారుచేయడం మొదలుపెట్టాక కొలత ఇచ్చే మనిషి తెరమరుగయ్యాడు. విడిభాగాలు ఒకదానికొకటి సరిపోవడం ముఖ్యమైంది. అవి ఎవరి చేతికి సరిపోవాలన్న ప్రశ్న వెనక్కుపోయింది. సైన్యం కొన్నది వేల సంఖ్యలో. ఆ వేలకూ చెయ్యి ఒకటే.

అయితే ఈ చెయ్యిని ఎన్నడూ మార్చలేదని చెప్పడానికి వీల్లేదు. అమెరికా సైన్యం 1911లో స్వీకరించిన బ్రౌనింగ్ 0.45 అంగుళాల పిస్టల్ చరిత్ర ఇందుకు గట్టి ఉదాహరణ. మొదటి ప్రపంచ యుద్ధ అనుభవం తరువాత దానికి కొన్ని సవరణలు జరిగాయి. ట్రిగ్గర్ పొడవు తగ్గించారు. వేలు సులువుగా చేరేందుకు ట్రిగ్గర్ వెనుక చట్రానికి ఇరువైపులా లోహాన్ని చెక్కి పల్లం చేశారు. పిడి వెనుక భాగాన్ని కొద్దిగా ఉబ్బెత్తుగా మార్చారు. 1926 నుంచి ఈ రూపానికి ఎం1911ఎ1 అని పేరు. సవరించిన ఈ పిస్టల్‌తోనే ఆ సైన్యం రెండో ప్రపంచ యుద్ధం చేసింది. గమనించవలసినది ఏమంటే, ఇక్కడ చేతులు చిన్నవైనవారు పురుష సైనికులు. వారి ఇబ్బందిని ఎవరూ శారీరక దౌర్బల్యంగా నమోదు చేయలేదు. రూపకల్పనలోని లోపంగా గుర్తించి లోహాన్ని చెక్కారు.

జాన్ బ్రౌనింగ్ 1926లో మరణించాక బెల్జియంలో డ్యుడొన్నే సేవ్ పూర్తిచేసిన హైపవర్ పిస్టల్ 1935లో వచ్చింది. పదమూడు తూటాలను రెండు వరుసలుగా ఇముడ్చుకున్న ఈ పిస్టల్ రెండో యుద్ధకాలంలో కెనడాలోని ఇంగ్లిస్ కర్మాగారంలో కూడా తయారైంది. ఆ కెనడా నమూనా ఆధారంగానే మన ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం ‘పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఎ’ను తయారుచేసింది. భారత సైన్యంలోనూ పోలీసు బలగాల్లోనూ దశాబ్దాలుగా కనిపించే పిస్టల్ ఇదే. రెండు వరుసల మ్యాగజైన్ ఉన్నప్పటికీ హైపవర్ పిడి ఆ తరహాలో సన్ననిదేనని చెప్పాలి. కాని దాని చట్రం ఒకే పరిమాణంలో వస్తుంది. పక్క పలకలను పలుచన చేయడం మినహా సర్దుబాటుకు తావు లేదు. మరోవైపు ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతు, మార్పిడి పనులు చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రభుత్వ పిస్టల్‌ను ఉద్యోగి స్వయంగా చెక్కించుకోవడం ఊహకందని విషయం.

5. క్రీడారంగం ముందు నడిచింది

లక్ష్య క్రీడలో పరిస్థితి వేరు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మొత్తంగా 420 x 200 x 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ 500 గ్రాములకంటే తేలికగా ఉండకూడదు. పిడిలోని ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదు, మణికట్టు దాటి ఆనకూడదు. ఈ హద్దుల్లోపల పిడిని చేతికి తగినట్లు మలచుకోవచ్చు. అందువల్ల క్రీడా పిస్టళ్ల చెక్క పిడులు చిన్న, మధ్య, పెద్ద పరిమాణాల్లో దొరుకుతాయి. ఎడమచేతివారికి విడిగా ఉంటాయి. అరచేతి కింది ఆధారాన్ని పైకీ కిందికీ జరపవచ్చు. కొన్నవారు తమ అరచేతిలోని గుంటకు సరిపడేలా లప్పం పూసి, ఆకురాయితో, గరుకు కాగితంతో అరగదీసుకుంటారు. కర్మాగారం మరచిపోయిన పాత పనితనం ఇక్కడ తిరిగి ప్రవేశించింది.

ఒలింపిక్స్‌లో స్త్రీల 25 మీటర్ల పిస్టల్ పోటీ 1984లో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీ 1988లో మొదలయ్యాయి. స్త్రీల కోసం వేరే చిన్న పిస్టల్‌ను ఏర్పాటు చేయకపోవడం ఇక్కడ ఆసక్తికరం. పెట్టె కొలతలు, బరువు, ట్రిగ్గర్ నియమం స్త్రీపురుషులకు ఒకటే. మారేది పిడి ఒక్కటే.

హైదరాబాదు విషయానికి వస్తే, ఈ ఏర్పాటు ఫలితాన్ని ఈశా సింగ్ జీవితంలో చూడవచ్చు. 2005లో జన్మించిన ఆమె తొమ్మిదేళ్ల వయసులో గచ్చిబౌలి షూటింగ్ రేంజిని చూసి ఈ క్రీడలోకి వచ్చారు. పదమూడేళ్లకు, 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో, అప్పటికే అంతర్జాతీయ పతకాలు గెలిచిన మను భాకర్, హీనా సిద్ధూ వంటివారిని దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ విజేతగా నిలిచారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించారు. ఎయిర్ పిస్టల్ బరువు దాదాపు ఒక కిలో. దాన్ని ఒంటిచేత్తో చాచి పట్టాలి. పదమూడేళ్ల బాలిక పెద్దలతో ఒకే నియమాల కింద పోటీపడి గెలవడంలో ఆమె ప్రతిభ, సాధన మొదటివి. అయితే చేతి పరిమాణాన్ని ముందే పరిగణించిన క్రీడానియమం ఆ ప్రతిభకు అడ్డురాలేదన్నది కూడా గుర్తించవలసిన విషయం.

6. ‘స్త్రీల తుపాకి’ అనే పక్కదారి

2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే రివాల్వర్‌ను విడుదల చేసింది. ఢిల్లీ దుర్ఘటన నేపథ్యంలో స్త్రీల ఆత్మరక్షణ ఆయుధంగా దీనికి ప్రచారం జరిగింది. బరువు దాదాపు 500 గ్రాములు, ధర లక్ష రూపాయలు దాటింది. ఈ ధర ఎవరికి అందుతుందన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. మన చర్చకు సంబంధించినది వేరొక లోపం. స్త్రీ అనగానే తేలికైన, చిన్న ఆయుధం అనుకోవడంలో చేతి సమస్య బరువు సమస్యగా మారిపోయింది. ఒకే తూటాను పేల్చేటప్పుడు తేలిక ఆయుధం బరువైనదానికంటే ఎక్కువగా తన్నుతుంది. విధినిర్వహణలో ఉన్న మహిళా ఎస్.ఐ.కి కావలసినది తన సహోద్యోగి ధరించే పూర్తి పిస్టలే, తన వేలికి అందే ట్రిగ్గర్‌తో. తక్కువ తూటాలు పట్టే చిన్న ఆయుధం ఆమెకు ఇవ్వడం సమస్యను పరిష్కరించదు, ఆమెను రెండో వరుసలో నిలబెడుతుంది.

7. మార్చగల పిడి

1990ల చివర జర్మనీ వాల్థర్ సంస్థ పి99 పిస్టల్‌తో, మార్చుకోదగిన వెనుక పట్టీలను సర్వీసు ఆయుధంలోకి తెచ్చింది. ఆస్ట్రియాలో 1980ల ఆరంభంలో పుట్టిన గ్లాక్ 17, తన నాలుగో తరంలో, 2010 ప్రాంతంలో, ఈ ఏర్పాటును స్వీకరించింది. 2017లో అమెరికా సైన్యం ఎంపిక చేసిన సిగ్ సావర్ పిస్టల్‌లో పిడి మొత్తాన్నే చిన్న, మధ్య, పెద్ద పరిమాణాల్లో మార్చవచ్చు. 1920లలో లోహాన్ని చెక్కి సాధించినదాన్ని ఇప్పుడు ప్లాస్టిక్ భాగం మార్చి సాధిస్తున్నారన్నమాట. పద్ధతి మారింది గాని, అందులోని అంగీకారం పాతదే.

సర్దార్ వల్లభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1975లో మౌంట్ ఆబూ నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. మొదటి మహిళా ఐ.పి.ఎస్. అధికారి కిరణ్ బేడీ సర్వీసులో చేరినది 1972లో. అంటే శివరాంపల్లి ప్రాంగణం దాదాపు తన తొలిరోజుల నుంచీ మహిళా అధికారులకు శిక్షణ ఇస్తూ వచ్చింది. తెలంగాణ సివిల్ పోలీసు నియామకాల్లో ఇప్పుడు మూడోవంతు పోస్టులు స్త్రీలవి. కాబట్టి చిన్న చెయ్యి అనేది ఇక మినహాయింపు కాదు. పొట్టి పురుషులను కూడా కలుపుకుంటే, అది బలగంలో గణనీయమైన భాగం.

నాలుగో తరం గ్లాక్ వెనుక పట్టీ ఒకే పిన్నుతో బిగుస్తుంది, నిమిషాల్లో మార్చవచ్చు. అదనపు పట్టీలు పిస్టల్‌తోపాటు అదే పెట్టెలో వస్తాయి. అవి పెట్టెలోనుంచి బయటకు రావాలంటే, ఆయుధాన్ని చేతికిచ్చే ముందు బొటనవేలి సందు నుంచి చూపుడువేలి మొదటి కణుపు వరకు ఒక టేపుతో కొలవాలి. ఆ కొలతను రాసుకునే గడి ఒకటి ఆయుధాల పంపిణీ పుస్తకంలో, పేరుకూ నంబరుకూ పక్కన, ఉండాలి.