ఎక్స్‌రేకు చిక్కని భుజం నొప్పి

మీ కుడిచేతిని పక్కకు చాచి, నెమ్మదిగా తలపైకి ఎత్తండి. ఏమీ కష్టం అనిపించలేదు గదా! కానీ ఆ రెండు సెకన్లలో మీ భుజంలో జరిగిన పని సామాన్యమైనది కాదు. భుజం కీలును పాఠ్యపుస్తకాల్లో బంతి గిన్నె కీలు అంటారు. తుంటిలో నిజంగానే గిన్నె ఉంది. తొడ ఎముక తల అందులో చాలావరకు మునిగి ఉంటుంది. భుజంలో మాత్రం గిన్నె పేరుకే. బడి ఆటల పోటీల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకొని పరుగెత్తుతారు చూడండి, ఇంచుమించు అలాంటి అమరిక ఇది. బంతి పెద్దది, దాన్ని మోసే పళ్లెం చిన్నది, లోతు లేనిది. చేతిని ఎటు కావాలంటే అటు తిప్పగలుగుతున్నామంటే కారణం ఇదే. ఒంట్లోని పెద్ద కీళ్లన్నింటిలోకీ తేలిగ్గా జారిపోయేది భుజం కావడానికీ కారణం ఇదే.

ఈ నిమ్మకాయ పడిపోకుండా పట్టి ఉంచేవి నాలుగు కండరాలు. అవి రెక్క ఎముక నుంచి బయలుదేరి, చివర చదునైన తాళ్లుగా మారి, భుజాస్థి తలను చొక్కా కఫ్ మణికట్టును చుట్టినట్లు చుట్టుకుంటాయి. అందుకే వీటిని కలిపి రొటేటర్ కఫ్ అన్నారు. కండరాన్ని ఎముకకు కట్టే ఇలాంటి తాడును స్నాయుబంధనం అంటారని మీరు చదివే ఉంటారు. నాలుగింటిలో పైన ఉండేది సుప్రాస్పైనేటస్. భుజం కొనన ఎముక ఒకటి కప్పులా ఉంటుంది. దాని కింది ఇరుకు సందులోంచి ఈ తాడు పోతుంది. ఎక్కువగా తెగేది కూడా ఇదే.

ఇప్పుడొకసారి దంతెవాడకు పోదాం. శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతేశ్వరి గుడి ఉన్న ఊరు. ఓరుగల్లు నుంచి వచ్చిన కాకతీయ అన్నమదేవుడి కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే మనకు మరీ కొత్త చోటేమీ కాదు. ఒకవైపు బైలదిల్లా ఇనుప కొండలు, మరోవైపు అడవి, పొలాలు. ఇక్కడ భుజమంటే ఒక బతుకుతెరువు. వెదురు బద్దకు రెండువైపులా బరువు వేలాడదీసి కావడి మోయాలన్నా, కట్టెలు కొట్టాలన్నా భుజమే దిక్కు. యాభై అయిదేళ్ల కావడి మనిషికి ఒకనాడు చెయ్యి పైకి లేవడం మానేసిందనుకోండి. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లి పడుకోలేడు. ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీస్తారు. ఎముకలు బాగానే ఉన్నాయంటారు. మరి అతని నొప్పి అబద్ధమా?

ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి వైద్యశాస్త్రానికి చాలాకాలం పట్టింది. భుజం జారడం గురించి ప్రాచీనులకు బాగా తెలుసు. సుశ్రుత సంహితలో దానికి చికిత్స ఉంది. చంకలో రోకలి పెట్టి పైకెత్తి కీలును దాని చోటికి చేర్చాలని, తరువాత స్వస్తికం ఆకారంలో కట్టు కట్టాలని అది చెబుతుంది. జారిన ఎముక కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. తెగిన తాడు అలా కాదు, అది చర్మం, కండరం, ఎముక అడుగున దాక్కుంటుంది. 1834లో ఇంగ్లండులో స్మిత్ అనే ఆయన శవాలను కోసి చూసి, భుజంలో తెగిన స్నాయుబంధనాలను వర్ణించాడు. మనిషి చనిపోయాక గానీ జబ్బు బయటపడలేదన్నమాట.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఏడాది తిరిగేలోగా ప్రపంచమంతటా డాక్టర్లు ఎముకల నీడలు తీయడం మొదలుపెట్టారు. వారిలో ఒకడు బోస్టన్‌కు చెందిన ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్. 1869లో పుట్టాడు. కొత్త యంత్రాన్ని చేతపట్టి, ఆరోగ్యంగా ఉన్న కీళ్లు ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తాయో ముందుగా తెలుసుకున్నాడు. మామూలు కీలు ఎలా ఉంటుందో తెలియకుండా చెడిన కీలును గుర్తుపట్టడం ఎలా? ఎక్స్‌రేల వల్ల ఒళ్లు కాలిన సంఘటనలు వస్తుంటే వాటినన్నింటినీ పోగుచేసి 1902లో ఒక పరిశీలన ప్రచురించాడు. కొత్త యంత్రం మీద మోజు పడినవాడే దాని కీడును కూడా లెక్కపెట్టాడు. ఆయన స్వభావం అలాంటిది.

భుజం దగ్గరే ఎక్స్‌రేకు చిక్కు వచ్చింది. ఎముకలోని కాల్షియం కిరణాలను బాగా ఆపుతుంది కాబట్టి దాని నీడ స్పష్టంగా పడుతుంది. స్నాయుబంధనం, కండరం, వాటి చుట్టూ ఉండే ద్రవం కిరణాలను దాదాపు ఒకే మోతాదులో ఆపుతాయి. అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ఉన్న తాడుకూ తెగిన తాడుకూ తేడా తెలియదు. కాడ్‌మన్ అందుకని రోగి చేతిని కదిలించి, వేలితో తడిమి, చివరికి కోసి చూసి నేర్చుకున్నాడు. 1909లో తెగిన సుప్రాస్పైనేటస్‌ను కుట్టి, 1911లో ఆ సంగతి ప్రచురించాడు. ఐరోపాలో అంతకుముందే ఒకరిద్దరు ఇలాంటి ప్రయత్నం చేయకపోలేదు. కానీ భుజాన్నే పట్టుకొని పాతికేళ్లు కూర్చున్నది ఆయనే. ఫలితంగా 1934లో 'ది షోల్డర్' అనే గ్రంథం వచ్చింది. దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నాడు.

సొంత ఖర్చు ఎందుకంటే, అప్పటికే పెద్దలకు ఆయనంటే గిట్టదు. కాడ్‌మన్ అడిగిన ప్రశ్న చాలా చిన్నది: ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లిన రోగి ఏడాది తరువాత ఎలా ఉన్నాడు? ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి ఈ సంగతి రాయాలన్నాడు. చికిత్స ఫలించకపోతే కారణం కూడా రాయాలన్నాడు. పెద్ద ఆసుపత్రి ఒప్పుకోలేదు. ఆయన సొంతంగా చిన్న ఆసుపత్రి నడిపి, 1911 నుంచి 1916 వరకు 337 మంది రోగుల లెక్క బయటపెట్టాడు. అందులో 123 పొరపాట్లు తానే రాసుకున్నాడు. ఏ డాక్టరైనా తన పొరపాట్లను ఇలా అచ్చువేయించుకోవడం ఈనాటికీ అరుదే! 1915 జనవరిలో బోస్టన్ డాక్టర్ల సభలో పెద్ద వ్యంగ్యచిత్రం ఒకటి ప్రదర్శించాడు. అందులో బంగారు గుడ్లు పెట్టే నిప్పుకోడి ఇసుకలో తల దూర్చి ఉంటుంది. సభ గగ్గోలెత్తింది. హార్వర్డ్‌లో ఆయన ఉద్యోగం పోయింది. 1940లో ఆయన మరణించాక సమాధి మీద రాయి కూడా లేదు. 2014లో సర్జన్లు దానికి ఒక రాయి నిలబెట్టారు.

తాడును చూసే ఉపాయాలు మెల్లగా వచ్చాయి. మొదటిది సైకిల్ ట్యూబు పంచరు వెతకడం లాంటిది. 1939లో స్వీడన్‌కు చెందిన లిండ్‌బ్లోమ్, ఎక్స్‌రేకు నల్లగానో తెల్లగానో తేడాగా కనిపించే ద్రవాన్ని కీలులోకి ఎక్కించి ఫొటో తీసే పద్ధతిని వివరించాడు. కఫ్ బాగుంటే ద్రవం కీలులోనే ఉంటుంది. చిల్లు ఉంటే పై సందులోకి కారుతుంది. తాడు కనిపించకపోయినా చిల్లు తెలిసింది.

1970లలో సి.టి. స్కాన్, ఎం.ఆర్.ఐ. వచ్చాయి. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్ కిరణాలు ఉండవు. బలమైన అయస్కాంతంలో మన ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలకు రేడియో తరంగాలు పంపి, అవి తిరిగి ఇచ్చే సంకేతాలను పట్టుకుంటారు. గట్టిగా పేనినట్లుండే స్నాయుబంధనం నుంచి సంకేతం దాదాపు రాదు. అది నల్లని పట్టీలా ఉంటుంది. ద్రవం తెల్లగా మెరిసేలా తీసిన చిత్రంలో, తెగిన చోట ఆ నల్లపట్టీ మధ్య తెల్లని సందు కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ ఇంకా చవక. రోగి చేతిని కదిలిస్తూనే లోపల తాడు కదలడం చూడవచ్చు. పరికరాన్ని చేత్తో ఎత్తుకుపోవచ్చు కూడా. అయితే దాన్ని పట్టుకున్న చేతికి నేర్పు ఉండాలి. 1994లో ఫ్రాన్సుకు చెందిన గుటాలియే బృందం మరో ముఖ్యమైన సంగతి చూపింది. తాడు తెగి చాలాకాలమైతే కండరంలో కొవ్వు చేరుతుంది. అది ఎంత చేరిందో సి.టి. చిత్రాల్లో చూసి మెట్లుగా విభజించవచ్చు. కొవ్వు బాగా పేరుకున్న కండరానికి తాడును తిరిగి కుట్టినా పూర్వపు బలం రావడం కష్టం.

ఇక కనిపించనిదంటూ లేదనుకున్నారు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది.

1995లో అమెరికా పరిశోధకులు భుజం నొప్పి ఏమాత్రం లేని 96 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. 34 శాతం మందిలో కఫ్ ఎంతోకొంత చిరిగి ఉంది! అరవై దాటినవారిలో అది 54 శాతం. వారందరూ సుఖంగా చేతులెత్తుతున్నవారే. తల నెరిసినట్లే తాడు కూడా వయసుతో నలుగుతుందన్నమాట. ఒకప్పుడు చిత్రంలో ఏమీ లేదు, నొప్పి ఉంది. ఇప్పుడు చిత్రంలో చిరుగు ఉంది, నొప్పి లేదు.

శస్త్రచికిత్సకూ ఇలాంటి పరీక్షే ఎదురైంది. 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్, పైకప్పు ఎముక రాపిడి వల్లే తాడు దెబ్బతింటోందని, దాని అడుగును చెక్కి సందు పెంచాలని చెప్పాడు. ఈ ఆపరేషన్ లక్షల మందికి జరిగింది. బ్రిటన్‌లో 313 మంది రోగులతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొందరికి ఎముక చెక్కారు. కొందరికి దుర్భిణి దూర్చి చూసి, చెక్కకుండానే కుట్లు వేశారు. మిగిలినవారికి ఆపరేషన్ లేదు. చెక్కినవారికీ, చెక్కకుండా కుట్టినవారికీ మధ్య తేడా లేదు. ఏ ఆపరేషనూ లేనివారికంటే మెరుగు ఉంది గానీ, రోగికి తెలిసేంత పెద్దది కాదు. అయితే వీరిలో తాడు పూర్తిగా తెగినవారు లేరు. పడిపోయి, ఒక్కసారిగా తాడు తెగి, చెయ్యి లేవనివారి సంగతి వేరు. వారికి ఆలస్యం చేయకుండా కుట్టడమే మేలంటారు సర్జన్లు.

కుట్టినా కథ ముగియదు. 2004లో సెయింట్ లూయిస్ వైద్యులు, పెద్ద చిరుగులు కుట్టిన 18 భుజాలను ఏడాది తరువాత అల్ట్రాసౌండ్‌తో చూశారు. 17 భుజాల్లో తాడు మళ్లీ తెగి ఉంది. అయినా చాలామందికి నొప్పి బాగా తగ్గింది. రెండో ఏటికి ఆ లాభంలో కొంత తరిగింది. ఏడాది చాలదు, ఇంకా ఆగి అడగాలని కాడ్‌మన్ కార్డుకు ఒక గీత చేర్చినట్లయింది.

ఆ కార్డును దంతెవాడ కావడి మనిషికి రాయడం ఎలాగో ఊహించండి. అతను కిరండూల్ రైలెక్కి నాలుగు వందల కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ చేరాలి. ఆపరేషన్ తరువాత నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి పట్టీలో ఉండాలి. ఆ తరువాత నెలల తరబడి వ్యాయామం చేయాలి, బరువు ఎత్తకూడదు. నాట్ల కాలంలో పట్టీ విప్పేశాడా? వ్యాయామం చెప్పేవారు దగ్గర్లో ఉన్నారా? ఏడాది తరువాత మళ్లీ రైలెక్కడానికి చేతిలో డబ్బుందా? రైలెక్కకపోతే అతని కార్డులో చివరి గడి ఖాళీగానే ఉంటుంది. కాడ్‌మన్‌కు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఆ ఖాళీ గడే.