కదంబంలోకి క్యారెట్ ఎప్పుడొచ్చింది?

పోయిన నెల మా తాతయ్య తద్దినం. సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఖాళీగా ఉన్నానని కూరగాయలు తెచ్చే పని నాకిచ్చారు. యాప్‌లో క్యారెట్, బీన్స్, బంగాళాదుంప, టమాటా, పచ్చిమిర్చి ఆర్డర్ పెట్టేశా. బామ్మ సంచి తెరిచి చూసి మొత్తం పక్కన పెట్టేసింది. "ఇవన్నీ సీమ కూరలురా, తద్దినానికి పనికిరావు" అంది.

మర్నాడు వాటితోనే కదంబం చేసింది. గ్లాసు బియ్యానికి అర గ్లాసు కందిపప్పు, మెత్తగా ఉడికించి. ముక్కలు వేరేగా చింతపండు రసంలో, పసుపు, ఉప్పు వేసి. రెండూ కలిపి పైన నేతితో ఇంగువ పోపు. అదిరింది. కానీ నిన్న పనికిరాని కూరలు ఇవాళ ఎలా పనికొచ్చాయి? అక్కడ మొదలైంది ఈ ఎపిసోడ్.

'సీమ' అంటే విదేశం. సీమచింత, సీమవంకాయ... పేర్లోనే అడ్రస్ ఉంది. టమాటాని పెద్దవాళ్లు సీమవంగ అనీ, రామములగ అనీ అనేవాళ్లు. టమాటా, బంగాళాదుంప, బీన్స్, మిరపకాయ, ఈ నాలుగూ పుట్టింది అమెరికా ఖండాల్లో. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, పోర్చుగీసు ఓడల రాకపోకలతో మిరపకాయ మన దాకా వచ్చింది. అంతకుముందు మనకి కారం అంటే మిరియమే. కొత్త కాయకి 'మిరప' అన్న పేరు కూడా దాన్నుంచి వచ్చిందే. కాలీఫ్లవర్ ఇంకా లేటు: 1822లో ఇంగ్లండ్ విత్తనాలు సహారన్‌పూర్ తోటకి చేరాయి. ఈ నారింజరంగు క్యారెట్ కూడా యూరప్‌దే.

అంటే తద్దినం మెనూ ఒక పాత బ్యాకప్ అన్నమాట. వంకాయ, బీర, పొట్ల, అరటికాయ, కంద, చిక్కుడు, కారానికి మిరియాలు. పోర్చుగీసు వాళ్లు రాకముందు వంటిల్లు అందులో సేవ్ అయి ఉంది.

కదంబం లాజిక్ వేరు. ఫ్రిజ్, లారీ లేని రోజుల్లో పెరట్లో ఏ కాలంలో ఏది కాస్తే అదే కూర. ఒక్కోసారి ఏదీ ఇంటిల్లిపాదికీ సరిపోదు. ఉన్నవన్నీ తలో గుప్పెడు కలిపితే సరిపోతుంది. ఇలాంటి వంటలోకి కొత్త కూర రావడం చాలా ఈజీ, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

విజయవాడ వెళ్తే ఆషాఢంలో వెళ్లండి. ఇంద్రకీలాద్రి మీద మూడు రోజులు శాకంబరి ఉత్సవాలు. అమ్మవారికి కూరగాయలతోనే అలంకారం, ప్రసాదం కదంబం. దేవీ మాహాత్మ్యంలో కథేంటంటే, నూరేళ్లు వానల్లేనప్పుడు అమ్మవారు తన ఒంట్లోంచే కూరలు పుట్టించి, మళ్లీ వానపడేదాకా లోకాన్ని బతికిస్తుంది. అంటే ఇది కరువు కథ. తొలకరి పడి, పంట ఇంకా చేతికి రాని నెలలో ఆ పండగ! నాకైతే ఇది బాగా తగిలింది.

ఇక ఆ బ్యాకప్‌లో ఒక బగ్ దొరికింది. మా ఇంట్లో తద్దినానికి తప్పకుండా గుమ్మడికాయ పులుసు ఉంటుంది. బూడిద గుమ్మడి మన ఆసియాదే. పులుసులో వేసే ఎర్ర గుమ్మడి మాత్రం పక్కా అమెరికా! పేరు ముందు 'సీమ' లేదు, అందుకే దొరకలేదు.

బామ్మకి ఫోన్ చేసి చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"అయితే అదీ మానేద్దామా?" అంది.

"వద్దు బామ్మా" అన్నా. తాతయ్యకి ఆ పులుసంటే ప్రాణం.

మీ ఇంట్లో తద్దినానికి ఏ కూర వండరో కామెంట్లో రాయండి.