అన్‌లిమిటెడ్‌కి లిమిట్ ఎక్కడుంది? ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మాట చరిత్ర చెప్పుకుందాం. ఆ మాట ‘అన్‌లిమిటెడ్’. ఇంటి ఇంటర్నెట్ ప్రకటన ఏది చూసినా ఇది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కిందే, కళ్లు చికిలించి చూస్తే, ‘షరతులు వర్తిస్తాయి’ అని కూడా ఉంటుంది. ఈ రెండూ ఎలా జతకట్టాయో చూద్దాం.

2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ పాలసీ తెచ్చి, కనీసం 256 కేబీపీఎస్ వేగం ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. ఆ రోజుల్లో 256 కేబీపీఎస్ అన్‌లిమిటెడ్ ప్లాన్లు ఉండేవి. ఒక లెక్క వేయండి. ఆ వేగంతో రాత్రీపగలూ ఆపకుండా నెలంతా డౌన్‌లోడ్ చేసినా వచ్చేది సుమారు 83 జీబీ. అంటే ఆ వేగమే లిమిట్. కంపెనీ వేరే గీత గీయాల్సిన పని లేదు.

తర్వాత వేగం పెరిగింది. 8 ఎంబీపీఎస్ లైన్ ఉంటే అదే 83 జీబీ ఒక్క రోజులో దిగిపోతుంది. అందుకే ఫెయిర్ యూసేజ్ పాలసీ, మనం ఎఫ్‌యూపీ అనేది, వచ్చింది. ఇన్ని జీబీలు దాటితే వేగం తగ్గిస్తాం, లైన్ మాత్రం కట్ చేయం, కాబట్టి ఇదీ అన్‌లిమిటెడే అన్నది కంపెనీల వాదన.

వాళ్ల వైపు కూడా కొంత న్యాయం ఉందండి. ఒకే లైన్‌ని చాలా ఇళ్లు పంచుకుంటాయి. 2009 ట్రాయ్ మార్గదర్శకాల ప్రకారం ఇళ్ల కనెక్షన్లకి ఈ నిష్పత్తి 1:50 దాకా ఉండొచ్చు. ఆ యాభై ఇళ్లూ రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి సినిమా పెడితే లైన్ తట్టుకోదు. కానీ మెలిక ఇక్కడే ఉంది. రద్దీ అనేది ఆ గంటకి సంబంధించింది, నెల మొత్తానికి కాదు. తెల్లవారుజామున మూడింటికి మీరు ఎంత దించుకున్నా పక్కింటివాళ్లకి ఇబ్బంది లేదు. బీఎస్ఎన్ఎల్ హోమ్ 500 ప్లాన్ గుర్తుందా? రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా లెక్క లేకుండా వాడుకోవచ్చు. అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్లు పెట్టినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. నన్నడిగితే, ఎఫ్‌యూపీ కంటే ఆ పద్ధతే నిజాయితీగా ఉంది.

మరి ఏమీ చెప్పకుండా అడ్డుకుంటే? అది అమెరికాలో జరిగింది. 2007లో కామ్‌కాస్ట్ అనే పెద్ద కంపెనీ, బిట్‌టొరెంట్ వాడేవాళ్ల కనెక్షన్ల మధ్యలోకి దొంగ సందేశాలు పంపేది. అవతలి కంప్యూటరే ‘ఇక చాలు’ అన్నట్టు నమ్మించి లైన్ తెంపేది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిల్ ఫైల్ పంపి పరీక్షిస్తే అదీ ఆగిపోయింది. 2008 ఆగస్టు 1న అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో ఇది తప్పంది. ఆ నెలాఖరుకే కామ్‌కాస్ట్, అక్టోబర్ నుంచి నెలకి 250 జీబీ పరిమితి అని బయటపెట్టింది. 2010లో కోర్టు ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదని ఆదేశాన్ని కొట్టేసింది. కానీ దాచిన లిమిట్ అప్పటికే అంకెగా మారింది. అంకె అయితే మనం లెక్కపెట్టుకోవచ్చు, ఇంకో కంపెనీతో పోల్చుకోవచ్చు.

మన దగ్గరా పోరాటం దీని మీదే. ఎఫ్‌యూపీ పరిమితి ఎంతో, దాటాక వేగమెంతో చెప్పి తీరాలని, 256 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదని 2012లో ట్రాయ్ ఆదేశించింది. 2016లో దాన్ని 512కి పెంచింది. 2020 సెప్టెంబర్‌లో జియో ఫైబర్ 399 రూపాయలకి 30 ఎంబీపీఎస్ అన్‌లిమిటెడ్ అంది. నిబంధనల్లో మాత్రం 3,300 జీబీ అని ఉంది. పూర్తి వేగంతో ఆపకుండా వాడితే అది పది రోజులకి సరిపోతుంది. మామూలు ఇంటికి చాలా ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ లిమిట్ ఉన్నదాన్ని అన్‌లిమిటెడ్ అనడం ఏంటి?

కాబట్టి కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆ మాటని పక్కనపెట్టి మూడు విషయాలు అడగండి. ఎన్ని జీబీల దాకా? దాటాక వేగమెంత? రాత్రి తొమ్మిదింటికి నిజంగా వచ్చేదెంత? జవాబు అంకెల్లో చెప్పమనండి.