పదకొండో మంచం

2017 వానాకాలం. జమ్మికుంటలో రైలెక్కి బెంగళూరు వచ్చావు. ల్యాబులో పదకొండో మంచం నీది. రాత్రి నుంచి పస్తు. ముంజేతి నరంలో సూది, దాని మీద తెల్ల ప్లాస్టర్. సిస్టర్ గోళీ మింగించి, నాలుక ఎత్తమని నోట్లో టార్చి కొట్టి చూస్తుంది.

పావుగంటకు మొదటి రక్తం. అరగంటకు ఇంకోటి. ప్రతి సీసా మీదా నీ నంబరు, తీసిన టైము.

ఇంత రక్తం ఎందుకు? కొత్త కంపెనీ గోళీ పాతదానిలాగే ఒంట్లో కలుస్తోందో లేదో చూడటానికి. మీరు 24 మంది. లాటరీ తీసి సగం మందికి ముందు కొత్తది, సగం మందికి పాతది ఇస్తారు. కొన్నాళ్లు ఆగి తారుమారు చేస్తారు. నిన్ను పక్క మంచం మనిషితో పోల్చరు, నీతోనే పోలుస్తారు. రక్తంలో చేరిన మందు పాతదానితో చూస్తే కొత్తదానికి ఎంతో నిష్పత్తి కడతారు. పొరపాటుకు చోటిచ్చి ఆ నిష్పత్తికి అటూ ఇటూ గీసే హద్దులు రెండూ 80 శాతానికీ 125 శాతానికీ మధ్యే పడాలి. అప్పుడే రెండు గోళీలూ ఒకటేనంటారు. నీ ఒంట్లో వేరే మందు ఉంటే ఆ లెక్క చెడుతుంది.

పోయిన నెల ఇంకోచోట గోళీ మింగావు. మూడు నెలలు ఆగాలని కాగితంలో ఉంది. "అడిగితే లేదను, పైసలు పోతయ్" అన్నాడు ఏజెంటు. లేదన్నావు.

రెండో గంట. అరచేతుల్లో చెమట. ఫ్యాను పక్కకు జరుగుతోంది. గుండె దడ.

మొన్ననే మీ జమ్మికుంట వైపు, ఇలా పరీక్షలకు వెళ్లొచ్చిన ఒకాయన చనిపోయాడు. పేపర్లో చదివావు.

డాక్టరు వస్తున్నాడు. చేతిలో ఫారం.

"తల తిరుగుతోందా?"

మీ ఊరి అన్న పక్క మంచం నుంచి కళ్లతోనే వద్దంటున్నాడు.

లేదంటే ఫారంలో ఆ గడిలో సున్నా పడుతుంది. 24 మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదన్నది నిజమే అయినా, ఎనిమిది మందిలో ఒకరికి జరిగే హాని దాని వెనక దాగి ఉండొచ్చు. మూడును 24తో భాగిస్తే తేలే లెక్క ఇది. నిజమైన సున్నాకే ఇంత అనుమానం. నువ్వు దాచిన దడను మాత్రం ఏ సూత్రమూ బయటికి తీయలేదు. రేపు ఆ గోళీ మీ అమ్మే కొనుక్కుంటుందేమో.

నోరు ఎండిపోయింది.

"సారూ, దడ వస్తుంది. పోయిన నెల ఇంకో కాడ గోళీ మింగిన."

నాడి పట్టుకుంటాడు. "ఏం గోళీ? ఏ తారీఖు?"

తారీఖు చెబుతావు. ఏజెంటు పేరు కూడా.