బండి కదలుటకు ముందు

పెద్దలారా! బండి కట్టుటకు ముందు మన పూర్వులు ఇరుసునకు కందెన పెట్టి, కడచీలను కదపి చూచి, చక్రపు ఆకులను, ఇనుపపట్టాను పరికించెడివారు. అది చట్టమువలన వచ్చిన యాచారము కాదు; చీల యూడిన చక్రము దొర్లిపోవునని వారెఱుగుదురు.

మోటారులు వచ్చిన పిదప నీ బాధ్యత కాగితమున కెక్కెను. బ్రిటిషు ఇండియాలో 1914లో మోటారు వాహనముల చట్టము వెలువడెను. 1939 నాటి చట్టము, ఫిట్‌నెస్ పత్రము లేని బస్సులకు, లారీలకు రిజిస్ట్రేషను చెల్లదని శాసించెను. 1988 నాటి చట్టమును ఆ నియమమును నిలిపినది. నేడు క్రొత్త బండికి ఆ పత్రము రెండేండ్లు చెల్లును. ఎనిమిదేండ్లు దాటినదానికి ఏటేట పరీక్ష జరుగవలెను.

అయినను బ్రేకు గడువు చూచి చెడదు. తనిఖీనాడు సరిగా నున్న గొట్టము మరునాడే కారవచ్చును. దారిలో మేకు గ్రుచ్చుకొని టైరు గాలి పోవచ్చును. కావున, పత్రముండగా మరల పరీక్ష యేల యనుట తగదని నా యభిప్రాయము. ప్రతి యుదయమున నడపువాడు బ్రేకులు, టైర్లు, దీపములు, చక్రపు నట్లు స్వయముగా చూడవలెను.

పెండ్లివారిని బస్సెక్కించునప్పుడును, ధాన్యము లారీ కెత్తించునప్పుడును "నాయనా, బ్రేకు చూచితివా?" యని మీరడుగుడు. పెద్దలడిగిన మాటకు ఏ డ్రైవరును నొచ్చుకొనడు.