నల్లరాతిలో అద్దపు నిగ్గు – పాలంపేట రామప్ప దేవాలయం

కాకతీయ శిల్పుల ఉలి నైపుణ్యానికి నిదర్శనమైన పాలంపేట రుద్రేశ్వరాలయం 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ప్రజల వాడుకలో రామప్ప గుడిగా పేరొందిన ఈ ఆలయం తెలంగాణ నుండి ఆ గౌరవం పొందిన తొలి కట్టడం. ఇది ములుగు జిల్లాలో, హైదరాబాద్‌కు సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు దీనిని నిర్మింపజేశాడు. క్రీ.శ. 1213లో ప్రారంభమైన నిర్మాణం సుమారు 40 సంవత్సరాలు కొనసాగినట్లు భావిస్తున్నారు.

రెండు శిలల మేళవింపు

ఆలయ గోడలకు ఎర్రని ఇసుకరాయిని, చెక్కడపు పని గల స్తంభాలకు, దూలాలకు గ్రానైట్, డోలరైట్ శిలలను వినియోగించారు. ఇసుకరాయి గరుకుగా ఉండి వెలుగును చెదరగొడుతుంది. డోలరైట్ అనే నల్లరాయి సన్నని స్ఫటికాలు గట్టిగా పెనవేసుకున్న కఠినశిల. దానిని చెక్కడం కష్టసాధ్యమే అయినా, ఓపికతో నునుపు చేస్తే అద్దం వలె మెరుస్తుంది. మండప ప్రవేశాల వద్ద, స్తంభాలకు చూరుకు నడుమ ఏటవాలుగా అమర్చిన 12 మదనిక విగ్రహాలు ఈ నిగ్గుకు ప్రసిద్ధి చెందాయి. ఎర్రరాతి నేపథ్యంలో వాటి నలుపు మరింత ప్రస్ఫుటమవుతుంది.

ప్రకృతి ఒడిలో

వెలుపలి గోడలపై బారులు తీరిన ఏనుగులు, అల్లుకున్న లతలు, సర్పాలను ధరించిన నాగిని శిల్పం నాటి శిల్పుల ప్రకృతి పరిశీలనకు తార్కాణాలు. అడవి అంచున, పంటపొలాల మధ్య, కాకతీయులే తవ్వించిన రామప్ప చెరువుకు చేరువలో ఆలయం వెలసింది. కొండ, అడవి, చెరువు, పొలం ఆలయంలో అంతర్భాగాలేనన్న భావన ఈ స్థల ఎంపికలో కనిపిస్తుంది.

పరిరక్షణ అందరి బాధ్యత

ఈ మెరుపు పైపూత వలన వచ్చినది కాదు. రాతిని అరగదీసి సాధించినది. గీత పడితే మళ్లీ పూతవేసి సరిచేయడానికి వీలులేదు. సందర్శకుల చేతి జిడ్డు, రాపిడి, దీపాల మసి ఆ నునుపుకు హాని చేస్తాయి. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. శిల్పాన్ని తాకకుండా చూడటంతో పాటు చుట్టూ ఉన్న చెరువును, పచ్చదనాన్ని కాపాడినప్పుడే ఎనిమిది శతాబ్దాల ఈ వెలుగు భావితరాలకు అందుతుంది.